రెండో ఫ్లూటు వినిపించడం లేదు

సోమవారం పొద్దుటినుంచి మూడోసారి కూడా అదే జవాబు వచ్చింది. "మీరు చెప్పినట్టే చేసి చూశాం. మా దగ్గర స్వరం వినిపిస్తోంది. ఫిర్యాదు మూసేస్తున్నాం." మొదటి రెండుసార్లూ అక్కడితో ఆగిన ప్రోగ్రామరు ఈసారి ఇంకొంచెం చొరవ తీసుకున్నాడు. "స్పీకర్లు ఒకసారి చూసుకోండి. అవి బాగానే ఉంటే చెవులు కూడా చూపించుకోవడం మంచిది." చివర నవ్వుతున్న పచ్చటి మొహం బొమ్మ ఒకటి పెట్టాడు.

చుక్కలమ్మ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. దాన్ని ఎవరు కనిపెట్టారోగానీ, ఎదురుగా నిలబడి అనలేని మాటలు అనడానికి మహా వీలైన వస్తువు.

ఆర్కెస్ట్రాలో అందరూ ఆమెను చుక్కలమ్మ అనే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఐదు గీతల మీద చుక్కలు పెట్టడమే ఆమె పని. స్వరకర్త రాసిన పెద్ద ప్రతిలోంచి ఏ వాద్యం భాగాన్ని ఆ వాద్యానికి విడదీసి, వాయించేవాడికి పేజీ తిప్పుకోవడానికి చెయ్యి ఖాళీ దొరికేలా సర్ది, శుభ్రంగా రాసి ఇవ్వాలి. మొదట్లో సిరాతో రాసేది. ఇప్పుడు కంప్యూటర్లో రాస్తోంది. రాసినదాన్ని కంప్యూటరు చేత వాయించి విని, తప్పులు పట్టుకోవడం కూడా ఆమె పనే. ఆమె విని సరేనంటే తప్ప ఏ కాగితమూ వాద్యగాళ్ళ ముందున్న స్టాండు ఎక్కదు. అందుకు కావలసింది చెవి. అది పోయాక అక్షరం ముత్యాల్లా ఉంటే మాత్రం ఎవరికి కావాలి?

ఆమె రాసుకునే స్వరలిపి సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షను వస్తోంది. బజారులోకి రాకముందే దాన్ని వాడి చూసి తప్పులు చెప్పమని ఆ కంపెనీ వాళ్ళు కొంతమందిని ఎంచుకున్నారు. చుక్కలమ్మ వాళ్ళలో ఒకతె. రెండు నెలల్లో నలభై తప్పులు చూపించింది. ముప్ఫై తొమ్మిదింటికి థాంక్స్ చెప్పి సరిచేశారు. ఇది నలభయ్యోది.

కొత్త రచనలో రెండు ఫ్లూట్లనూ ఒకే వరసలో రాయాలి, మొదటిది పైన, రెండోది కింద. ఒకచోట మొదటి ఫ్లూటు ఒక పై స్వరాన్ని నాలుగు లెక్కలసేపు పట్టి ఆపుతుంది. సరిగ్గా అది ఆగిన క్షణాన రెండో ఫ్లూటు అదే స్వరాన్ని అందుకుని ఇంకో నాలుగు లెక్కలు సాగదీస్తుంది. వినేవాళ్ళకు ఒకే మనిషి ఊపిరి తీసుకోకుండా వాయించినట్టుండాలి. చుక్కలమ్మ వింటే మాత్రం మొదటి ఫ్లూటు ఆగినచోట గొయ్యి. కింద వయొలిన్లు వాటి దారిన అవి పోతున్నాయి. రెండో ఫ్లూటు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ప్రోగ్రామరు జవాబు చూసి ఆమెకు కోపం రావాలి. రాలేదు. గుండెల్లో రాయి పడింది.

కీబోర్డు మీద ఆ ఒక్క స్వరం నొక్కింది. వినిపించింది. మళ్ళీ అన్ని వాద్యాలతో కలిపి వాయించింది. వినిపించలేదు. వాళ్ళ పెద్దక్కకు చెవుడు ఇలాగే మొదలైంది. ఒక్కరు మాట్లాడితే చక్కగా వినేది, నలుగురు కూర్చుంటే అందులో ఒకరి మాట ఎటో పోయేది.

"ఏంటి వదినా, పొద్దుటినుంచి ఆ ముక్కే వేస్తున్నావు?" కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడపడుచు అడిగింది. అన్నగారు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకరి చప్పుడు ఒకరు భరిస్తూ పని చేసుకుంటున్నారు. "నాకే నోటికొచ్చేసింది. ఇంక ఆ ఫ్లూటువాళ్ళు రాకపోయినా నేను వెళ్ళి వాయించేస్తాను."

"నీ మిషను ఆపు కాసేపు."

"నా మిషను ఆగితే నువ్వొచ్చి ఈ పెళ్ళికూతురి గౌను కుడతావా?"

మామూలుగా అయితే చుక్కలమ్మ దానికి దీటైన జవాబొకటి వదిలేది. ఇవాళ మళ్ళీ ఆ ముక్కే వేసింది. ఆడపడుచు మిషను ఆపి వదిన వంక చూసి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని, కాఫీ కూడా తాగకుండా ఫైలు తెరిచింది. ఆ స్వరం గంట కొట్టినట్టు వినిపించింది.

మూడుసార్లు వాయించుకుంది. మూడుసార్లూ వినిపించింది. నిన్న లేని ఫ్లూటు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అర్థం కాలేదు. పోనీలే, స్పీకరు తీగ వదులుగా ఉండి ఉంటుందని సమాధానపడి, ఇంకా రాయాల్సిన భాగంలోకి వెళ్ళింది. అక్కడ అదే వరస మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకొంచెం కిందిస్థాయిలో. సాయంత్రానికి రాయడం ముగించి వాయించి చూసింది. గొయ్యి.

కుర్చీలో వెనక్కి వాలి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పొద్దున వినిపించి సాయంత్రానికి వినిపించకుండా పోయేది స్పీకరు కాదు. రోజంతా పనిచేసి అలిసిపోయేది మనిషి చెవి. సోమవారం రాసింది మంగళవారం పొద్దున వినిపించింది, మంగళవారం రాసింది మంగళవారం సాయంత్రం వినిపించడం లేదు. లెక్క చక్కగా సరిపోయింది. ఇలాంటి లెక్కలు సరిపోయినప్పుడు మనిషికి వేరే లెక్క వేద్దామన్న బుద్ధి పుట్టదు.

"ఇటు రా అమ్మాయ్. ఒకటి విని చెప్పు."

ఆడపడుచు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే వచ్చింది. చుక్కలమ్మ ఆమె చెవులకు హెడ్‌ఫోను తగిలించింది. "ఒక ఫ్లూటు సాగుతుంది. అది ఆగగానే ఇంకోటి అందుకోవాలి. అందుకుందో లేదో చెప్పు. జాగ్రత్తగా విను."

ఆడపడుచు విన్నది. వింటున్నంతసేపూ వదిన మొహమే చూసింది. సూదులు తీసి చేతిలో పెట్టుకుని, "ఆఁ, అందుకుంది" అంది.

"నిజంగా?"

"నిజంగానే. బాగా వినిపించింది. ఎందుకలా కంగారుపడతావ్?"

"ఏం లేదులే" అంది చుక్కలమ్మ. హెడ్‌ఫోను తీసుకుని తీగ నెమ్మదిగా చుట్టి సొరుగులో పెట్టేసింది. సంగీతమంటే ఆవగింజంత తెలియని మనిషికి వినిపించింది. తనకు వినిపించలేదు. ఇంక డాక్టరు దగ్గరికి వెళ్ళడం దేనికి, చెవుడని రాసిన కాగితం ఒకటి చేత్తో పట్టుకుని తిరగడానికా?

బుధవారం రిహార్సలు. ముందు రాసి ఇచ్చిన భాగాలను వాద్యగాళ్ళు మొదటిసారి కలిపి వాయిస్తారు. చుక్కలమ్మ ఎప్పుడూ వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఒళ్ళో పెద్ద ప్రతి, చేతిలో ఎర్ర పెన్సిలు. ఎవరైనా ఆగి తల ఎత్తారంటే అక్కడ ఏదో తప్పుందని గుర్తు పెట్టుకుంటుంది.

ఫ్లూట్ల చోటు వచ్చింది. మొదటావిడ వాయించి ఆపింది, పక్కనున్నాయన అందుకున్నాడు. వినిపించింది. చుక్కలమ్మకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఒక అనుమానం పురుగులా దొలిచింది. వినిపించిందా, లేక కాగితం మీద చూశాను కాబట్టి వినిపించినట్టు అనిపించిందా? ముప్ఫై ఏళ్ళుగా చుక్క చూస్తే చాలు, లోపల స్వరం మోగుతుంది. కళ్ళే చెవులకు చెబుతున్నాయేమో. రెండోసారి వాయించినప్పుడు ప్రతి మూసేసి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. అయినా లాభం లేకపోయింది, పేజీ మొత్తం కళ్ళ వెనక అచ్చేసినట్టు ఉంది.

విరామంలో కండక్టరు టీ కప్పుతో దగ్గరికి వచ్చాడు. "చుక్కలమ్మగారూ, మిగతా భాగాలు శుక్రవారానికి ఇచ్చేస్తారు కదా?"

"ఇస్తానండీ." ఆగింది. "ఈ కచేరీ అయ్యాక మాత్రం, విని సరిచూసే పని ఇంకెవరికైనా అప్పగించండి."

"అదేంటి? ఒంట్లో బాగోలేదా?"

"కళ్ళు, కళ్ళు అలిసిపోతున్నాయి."

యాభైమంది వాద్యాలు శ్రుతి చేసుకుంటున్న ఆ గదిలో చెవులన్న మాట నోరు దాటలేదు. కండక్టరు ఆమె కళ్ళలోకి చూశాడు. పాపం, అక్కడ ఆయనకు ఏ జబ్బూ కనపడినట్టు లేదు. "శుక్రవారం తీరిగ్గా మాట్లాడదాం" అని వెళ్ళిపోయాడు.

గురువారం భోజనాలయ్యాక కూర్చుని ప్రోగ్రామరుకు ఉత్తరం రాసింది. కోపం లేకుండా, మర్యాదగా, తన పద్ధతిలో ఏదీ వదలకుండా రాసింది.

"నా నలభయ్యో ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు మీ సాఫ్ట్‌వేరుది కాదు, నా వినికిడిది. కొత్తగా రాసిన రోజు ఆ స్వరం నాకు వినిపించదు. ఫైలు మూసేసి మర్నాడు తెరిస్తే వినిపిస్తుంది. చెవి అలిసిపోవడమే కారణమని అనుకుంటున్నాను. మా ఇంట్లోవాళ్ళకు వినిపిస్తోంది. ఇటువంటి చెవితో మీ పనికి న్యాయం చెయ్యలేను కనుక పరీక్షకుల జాబితాలోంచి నా పేరు తీసేయండి. ఇన్నాళ్ళూ మీ సమయం వృథా చేసినందుకు క్షమించండి."

పంపేసి, గిన్నెలు కడగడానికి వెళ్ళింది. రెండో గిన్నె చేతిలో ఉండగానే ఫోను మోగింది.

"అమ్మా, నమస్కారం. నేనూ... ఆ నవ్వు మొహం పెట్టినవాణ్ణి."

గొంతు చూస్తే కుర్రగొంతు కాదు. నలభై అయిదేళ్ళవాడిలా ఉన్నాడు. చుక్కలమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "ఉత్తరం అందిందా అండీ?"

"అందింది. రెండుసార్లు చదివాను. ముందు ఒక్క సంగతి చెప్పండి. సాయంత్రం వినిపించలేదన్నారు. అప్పుడే ఫైలు మూసి, అప్పుడే తెరిచి చూశారా ఎప్పుడైనా? మర్నాటిదాకా ఆగకుండా?"

"లేదండీ. పని అయ్యాక మూసేసి పడుకుంటాను."

"ఇప్పుడు చెయ్యగలరా? నేను ఫోన్లోనే ఉంటాను. మీ స్క్రీను నాకు కనిపించేలా పెట్టండి. ఆ ఫ్లూట్ల ముక్క కొత్తగా రాయండి, రోజూ ఎలా రాస్తారో అలాగే."

"ఎందుకండీ ఈ శ్రమ? నేను చెప్పాను కదా, చెవి..."

"అమ్మా, చెవి అలిసిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఫైలు మూసి తెరిచిన సంగతి చెవికెలా తెలుస్తుందండీ?"

చుక్కలమ్మ కుళాయి కట్టేసింది. పక్కగదిలో కుట్టుమిషను కూడా ఆగిపోయింది. ఆడపడుచు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఎవరు, ఏమిటి అని కళ్ళతోనే అడిగింది.

చుక్కలమ్మ వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని కొత్త పేజీ తెరిచింది. గీతలు గీసుకుంది, తాళం పెట్టుకుంది. తర్వాత కింది భాగంలో రెండో ఫ్లూటు స్వరాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయింది.

"ఆగండాగండి" అన్నాడు ప్రోగ్రామరు. "మీరు కింది భాగం ముందు రాస్తున్నారేం?"

"ముందు కిందిదే కదండీ రాసేది?"

"ఎవరైనా పైది ముందు రాస్తారు. మొదటి ఫ్లూటు, తర్వాత రెండోది. మేం మూడుసార్లూ అలాగే రాసి చూశాం."

చుక్కలమ్మ తన చేతివంక చూసుకుంది. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. "నాది ఎడమచేతివాటం అండీ. చేతిని వంకీ తిప్పి, గీతకు పైనుంచి రాస్తాను. పై చుక్కలు ముందు పెట్టేస్తే, కిందివి రాసేటప్పుడు మణికట్టు పైవాటి మీద ఆనుతుంది. తడిసిరా అలుక్కుపోతుంది. అందుకని కిందివి ముందు రాయడం అలవాటైపోయింది. ఇప్పుడు సిరా లేదనుకోండి, చెయ్యి మాత్రం అదే."

"ఏ ఫిర్యాదులోనూ ఈ ముక్క రాయలేదేమండీ?"

"మీరు అన్నం ఏ చేత్తో తింటారో ఫారాల్లో రాస్తారా?"

అవతల నవ్వు వినిపించింది. "రాయండి, రాయండి."

పై భాగం కూడా రాసి వాయించింది. మొదటి ఫ్లూటు సాగింది, ఆగింది. తర్వాత ఏమీ లేదు. ఫైలు మూసి వెంటనే తెరిచి మళ్ళీ వాయించింది. మొదటిది ఆగిన చోట రెండోది వచ్చి కూర్చుంది, అతుకు తెలియకుండా.

"మొదటిసారి మీకేమైనా వినిపించిందా?" అని ఆమె అడిగింది. అవతల కీబోర్డు టకటకలాడుతున్న చప్పుడు. అతనూ తన కంప్యూటర్లో కిందిది ముందు, పైది తర్వాత రాస్తున్నాడు. ఫోనులో మొదటి ఫ్లూటు సన్నగా వినిపించి ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"నాకూ వినిపించడం లేదండీ" అన్నాడు ప్రోగ్రామరు.

ఈ భూమ్మీద ఒక మనిషికి వినిపించలేదంటే ఇంకో మనిషి అంత సంతోషించడం ఎప్పుడూ జరిగి ఉండదు. చుక్కలమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపో నవ్వో తనకే తెలియలేదు.

ప్రోగ్రామరు మాత్రం హుషారుగా చెప్పుకుపోతున్నాడు. కంప్యూటరు సంగీతం వాయించడానికి వాడే మిడి అనేది ధ్వని కాదట, వట్టి ఆజ్ఞలట. ఈ స్వరం మొదలుపెట్టు, ఈ స్వరం ఆపు, అంతే. రెండు ఫ్లూట్లూ ఒకే వరసలో ఉంటే వాయించే యంత్రానికి ఏది ఎవరిదో తెలియదు. మొదటిదాన్ని ఆపడమూ, రెండోదాన్ని మొదలుపెట్టడమూ ఒకే క్షణంలో రావాలి. ఏది ముందు రాస్తే దాని ఆజ్ఞ ముందు వెళ్తోంది. ఈమె కిందిది ముందు రాస్తుంది గనుక ముందు "మొదలుపెట్టు" వెళ్తోంది, దాని వెనకే మొదటి ఫ్లూటు తాలూకు "ఆపు" వెళ్ళి అప్పుడే నోరు తెరిచిన రెండో ఫ్లూటు నోరు మూసేస్తోంది. ఫైలు మూసినప్పుడు అన్నీ పైనుంచి కిందికి సర్దుకుంటాయి, అందుకని తెరిస్తే అంతా సవ్యంగా ఉంటుంది.

"అంటే తప్పు మాదే" అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "ఆ మాట నేను రాయకుండా ఉండాల్సిందమ్మా. చెవుల సంగతి. చాలా తప్పుగా రాశాను."

"అవునండీ, రాయకుండా ఉండాల్సింది" అంది చుక్కలమ్మ. ఫరవాలేదు అనలేదు. ఫరవాలేదు అనదగ్గ నాలుగు రోజులు కావవి.

గుమ్మంలో ఆడపడుచు గోడకు చేరగిలబడింది. "అయితే ఆ రోజు అక్కడ నిజంగానే ఏమీ లేదా వదినా?"

"నీకు వినిపించిందన్నావుగా!"

"ఏదో ఒకటి వినిపిస్తూనే ఉందిగా! నీ మొహం చూస్తే, ఔనంటే నిమ్మళిస్తావనిపించింది. నీకు మంచి చేద్దామనుకున్నాను."

"నీ మంచి తగలెయ్య!" అంది చుక్కలమ్మ, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి పూర్తి గొంతుతో. ఇద్దరికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. ఫోన్లో ఉన్న మనిషి సంగతి కాసేపు మర్చిపోయారు.

అతను ఇంకా ఉన్నాడు. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, ఇబ్బందిగా అన్నాడు. "అమ్మా, ఇంకొక సంగతి. ఏడాది కిందట ఒక బృందగానం మాస్టారు ఇదే ఫిర్యాదు పంపారు, పాత వెర్షనులో. ఇప్పుడే వెతికి చూశాను. ఆయన కింది గొంతుల నుంచి పైకి రాసుకుంటూ వస్తారట. ఆయనకు కూడా మేం..."

"చెవులు చూపించుకోమన్నారా?"

"నవ్వు మొహం పెట్టలేదు. కానీ అదే మాట. ఆయన తర్వాత మళ్ళీ ఏమీ రాయలేదు. ఇవాళే ఉత్తరం పంపుతాను."

"ఉత్తరం కాదు, ఫోన్ చెయ్యండి."

"మీరూ లైన్లో ఉంటారా?" అని అడిగాడు.

శుక్రవారం చుక్కలమ్మ మిగతా భాగాలన్నీ కట్ట కట్టి కండక్టరు బల్ల మీద పెట్టింది. "విని సరిచూసే పని నేనే చేసుకుంటానండీ. మొన్నటి మాట మర్చిపోండి."

"కళ్ళద్దాలు మార్చారా?"

"లేదండీ. కంప్యూటరువాళ్ళు సాఫ్ట్‌వేరు మారుస్తున్నారు."

ఆయనకు ముక్క అర్థం కాలేదు. కానీ ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించాడు. ఇంకో చుక్కలమ్మను ఎక్కడ వెతకాలా అని రెండు రోజులుగా ఆయనకూ నిద్ర లేదట.

శనివారం పొద్దున పదింటికి ప్రోగ్రామరు ముందు చుక్కలమ్మను పిలిచి, ఆమెను లైన్లో ఉంచి మాస్టారి నంబరు కలిపాడు. చాలాసేపు మోగాక ఒక ముసలి గొంతు పలికింది. ప్రోగ్రామరు తానెవరో చెప్పుకున్నాడు, లైన్లో ఇంకెవరున్నారో చెప్పాడు. మాస్టారు మధ్యలోనే అడ్డొచ్చాడు.

"నేనిప్పుడు ఏమీ రాయడం లేదండీ. బృందం వేరేవాళ్ళకు అప్పజెప్పేసి ఏడాదైంది. వినపడకుండా పాటెలా నేర్పుతాం?"

చుక్కలమ్మ కళ్ళు మూసుకుంది. నాలుగు రోజులే తనను అలా చేశాయి. ఈయన మూడువందల అరవై ఐదు రోజులు మోశాడు.

"మాస్టారూ, అందుకే ఫోన్ చేశాను" ప్రోగ్రామరు గబగబా అన్నాడు. "మీరు చెప్పిన తప్పు నిజమే. సాఫ్ట్‌వేరులోనే ఉంది. ఆ స్వరం అక్కడ నిజంగానే మోగడం లేదు. మీ చెవులు సరిగ్గానే విన్నాయి."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఏమన్నారు? మళ్ళీ చెప్పండి" అన్నాడు మాస్టారు.

అయ్యో, ఈయనకు నిజంగానే వినపడదా అనుకుంది చుక్కలమ్మ. ప్రోగ్రామరు కూడా అదే అనుకున్నట్టున్నాడు. గొంతు పెంచి, మాట మాటా విడదీసి అరిచాడు. "మీ! చెవులు! బాగున్నాయండీ!"

"అరవకయ్యా, వినపడింది. మొదటిసారే వినపడింది." అన్నాడు ముసలాయన. "ఏడాదిగా మా ఆవిడ నాతో ఇంత గట్టిగా మాట్లాడుతోంది. స్పీకరు పెట్టాను, ఇదుగో పక్కకొచ్చి కూర్చుంది. ఇప్పుడు చెప్పండి, మామూలుగా."

"మీరే చెప్పండమ్మా" అన్నాడు ప్రోగ్రామరు. అందుకని చుక్కలమ్మే చెప్పింది, నెమ్మదిగా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు.